పచ్చి వాసనా, మాడు వాసనా?

టెక్సాస్‌లో ఇర్వింగ్ హైవే మీద పాత డీజిల్ ట్రక్కు నల్లగా పొగ వదిలితే నా కార్లో ఉన్నవాళ్లు ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం పెళ్లి భోజనం దగ్గరికి వచ్చినట్టు ముఖం పెడతాను. అందులో కవిత్వమేమీ లేదు, సగం కాలిన నూనె కంపు, అంతే. అది తగలగానే మసాచుసెట్స్‌లో సరళ ఆంటీ ఇంటి బేస్‌మెంట్ గుర్తొస్తుంది.

ఎం.ఎస్. చదివే రోజుల్లో నేనూ, వరంగల్ శ్రవణ్ ఆ ఇంట్లో అద్దెకుండేవాళ్లం. ఆంటీ పుట్టిల్లు ఏలూరు, ఉద్యోగం మసాచుసెట్స్‌లోనే ఒక స్కూల్ లైబ్రరీలో. బేస్‌మెంట్‌లో నూనెతో నడిచే బాయిలర్ నీళ్లు కాచి, ఇంటి పైపులన్నిటికీ వేడి పంపేది. వెచ్చగా ఉంటుందని శ్రవణ్ పట్టుబట్టి దాని పక్క గదే తీసుకున్నాడు. ఆ ఇంట్లో తమ మొదటి చలికాలం ఏదో వాసన వస్తోందని ఆంటీ మెకానిక్‌ని పిలిచారట. “ఎప్పుడొస్తుంది? ఎక్కడ ఎక్కువ? అప్పుడు ఇంట్లో ఏం జరుగుతుంటుంది?” అని అతనడిగితే ఆవిడ దగ్గర జవాబు లేదు. “ముక్కుండి ఏం లాభం అనిపించింది నాయనా” అనేవారు. అప్పటినుంచి బాయిలర్ వాసనల్ని వంటింటి భాషలోకి మార్చుకున్నారు. పచ్చి వాసనైతే నూనె కాలకుండా ఎక్కడో కారుతున్నట్టు. మాడు వాసనైతే పొగ చిమ్నీలోకి పోకుండా ఇంట్లోకి వస్తున్నట్టు. సీజన్ మొదటిరోజు దుమ్ము వాసనకి మాత్రం క్షమాభిక్ష ఉండేది.

ఒక జనవరిలో ఆదివారం వస్తే శ్రవణ్‌కి తలనొప్పి మొదలయ్యేది.

“తలకాయ పగుల్తుంది రా. నీ చేపల ఫ్రైకి దండం” అన్నాడొకరోజు మంచం మీంచి.

“సోమవారం ఇంటర్వ్యూ పెట్టుకుని ఆదివారం తలనొప్పి రాకపోతే నేను కంగారుపడేవాణ్ని” అన్నాను.

కిందికి దిగుతున్న ఆంటీ మెట్ల మీదే ఆగిపోయారు. “అగరబత్తి ఎవరు వెలిగించారు?”

“ఏదో వాసనొస్తుంటే పోతదని నేనే ఆంటీ.”

“పోదు, దాని చాటున దాక్కుంటుంది. ఇద్దరూ పైకి పదండి.”

మెట్ల పైనున్న ఎర్ర స్విచ్ నొక్కి బాయిలర్ ఆపేశారు. కిటికీలు బార్లా తీశారు. బయట మోకాలి లోతు మంచు.

“వీడి తలనొప్పికి మనందరం గడ్డకట్టాలా ఆంటీ? విషవాయువు అలారం మోగలేదుగా?”

“అది మోగేదాకా కూర్చుంటావా? తర్వాత నవ్వుకుందాం. ముందు వాణ్ని ఊపిరి పీల్చుకోనీ.”

అప్పుడు విచారణ మొదలైంది. నొప్పి ఆదివారమే వస్తుందనీ, నేను వంట మొదలుపెట్టినంకే షురూ అవుతుందనీ శ్రవణ్ వాంగ్మూలం ఇచ్చాడు.

“పచ్చి వాసనా, మాడు వాసనా?”

“మాడు వాసనే ఆంటీ.”

“చేప మాడిందా?” అని నావైపు తిరిగారు.

“నా చేప మాడదు” అన్నాను. పరువు సమస్య.

ఆంటీ తలెత్తి పొయ్యి పైనున్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ వంక చూశారు. అది ఆవిడ ముద్దుబిడ్డ. పోపు ఘాటు చలికోట్లకి పట్టకూడదని ఊళ్లోకెల్లా పెద్దది కొన్నారు. వేస్తే విమానం లేచినట్టు మోత. నేను ఆదివారం వంట చేసినంతసేపూ అది ఎగురుతూనే ఉండేది.

గాలి తేటపడ్డాక శ్రవణ్‌ని పైనే ఉంచి, కిటికీలు మూసి, ఆ అగరబత్తే నా చేతికిచ్చారు. బాయిలర్ పొగగొట్టానికి ఒక చిన్న రేకు తలుపుంది. అక్కడ పట్టుకుంటే పొగ బుద్ధిగా లోపలికి పోయింది. ఆంటీ పైకెళ్లి ఫ్యాన్ వేశారు. పొగ వెనక్కి తిరిగి నేరుగా నా మొహానికి కొట్టింది.

“ఆపేయండి ఆంటీ!” అని నేను అరిచిన అరుపులో జోకేమీ లేదు. చలికి బిగించేసిన ఇంట్లో ఫ్యాన్‌కి వేరే గాలి దొరక్క, చిమ్నీలోంచే లాక్కుంటోంది. బాయిలర్ నడిచేటప్పుడు దాంతోపాటు దాని పొగ కూడా శ్రవణ్ గదిలోకి వస్తోందన్నమాట.

“నా ఫ్యానేనా?” అన్నారు ఆంటీ. ఒక్క క్షణం ఆవిడ మొహం చిన్నబోయింది. వెంటనే తేరుకుని, “నేనే తెచ్చి నెత్తిన పెట్టుకున్నాను ఈ దెయ్యాన్ని. సరే, చేప నిర్దోషి” అని తీర్పిచ్చారు. శ్రవణ్‌ని డాక్టర్‌కి చూపించిగానీ వదల్లేదు. వాడికి ప్రమాదమేమీ లేదన్నారు. మెకానిక్ వచ్చి ఆవిడ అనుమానమే నిజమని చెప్పి, మసి తుడిచి, బాయిలర్‌కి బయటి గాలి అందే దారి పెట్టాడు. అప్పటిదాకా మేం కోట్లు వేసుకుని చల్లారిన చేపలు తిన్నాం. నా వంటకి దండం పెట్టినవాడే మూడు ముక్కలు ఎక్కువ తిన్నాడు.

ఈ టెక్సాస్‌లో నాకు బాయిలర్ లేదు, ఆ విద్యతో పనీ లేదు. అయినా ఆఫీసులో ఏదైనా ఆగిపోతే ఆంటీ ఫ్యాన్ వంక చూసినట్టు ముందు నేను రాసిన కోడ్ వంకే చూస్తాను. చాలాసార్లు వెతుకులాట అక్కడే ముగుస్తుంది. ఎవరైనా తల నొస్తోందంటే జోకు ఇప్పటికీ వేస్తాను. కాకపోతే ముందు కిటికీ తీస్తాను.