ఇంజినత్తకు పోటీగా వచ్చిన పెట్టె

ఇంధన డిపో ల్యాబులో ఇంజినత్త అంటే తెలియనివాళ్లు లేరు. పెట్రోలు నాణ్యత తేల్చే పరీక్ష ఇంజినును ఇరవై రెండేళ్లుగా ఆవిడే నడుపుతోంది. దాని మోతకు ఎదురు వీధిలో పెరుగు కవ్వం లేకుండానే చిలికిపోయేదట. ఇది బాగా తగ్గించి చెప్పిన మాట.

అలాంటి ఇంజినుకు పోటీగా ఒక పెట్టె దిగింది. తెచ్చింది ఎవరో కాదు, అదే ల్యాబులో కెమిస్టు, ఆవిడ సొంత అల్లుడు. ఆ పెట్టె కంటికి కనబడని పరారుణ కాంతిని పెట్రోలులోంచి పంపి, అది ఎంత కాంతి మింగిందో చూసి, నాణ్యతకు కొలతైన ఆక్టేన్ అంకెను నిమిషంలో చెప్పేస్తుంది.

"ఇక మీ ఇంజిను మూలకే అత్తయ్యా!"

"ముందు మీ అగ్గిపెట్టెని సరిగ్గా నోరు విప్పమనండి అల్లుడుగారూ."

నెల రోజుల పోటీ పెట్టాడు మేనేజరు. అంకెలు కలవకపోతే పెట్టె వెనక్కి. చివరి రోజు దాకా రెండిటిదీ ఒకటే మాట. ఆ ఉదయం మాత్రం ఇంజిను తొంభై ఒకటంటే పెట్టె ఎనభై ఏడంది. మళ్లీ చూస్తే ఎనభై తొమ్మిది. అల్లుడు పెట్టెను అటూ ఇటూ తట్టి చూశాడు. మెట్ల మీద మేనేజరు బూట్ల చప్పుడు.

అత్త నోరు మూసుకుంటే చాలు, గెలుపు ఇంజినుదే. మూసుకుంది కూడా. పూర్తిగా పది సెకన్లు! పుట్టి బుద్ధెరిగాక అంత మౌనం పాటించలేదు.

"ఆ సీసా ఫ్రిజ్‌లోంచి ఎప్పుడు తీశారు?"

"ఇప్పుడే. ఇవాళ కంగారులో ఆగకుండా తీశా, పెట్టా."

"చల్లటి గదిలోంచి బయటికొస్తే నా కళ్లద్దాలకేమవుతుంది?"

అల్లుడు సీసా పైకెత్తాడు. గాజు నిండా సన్నటి చెమ్మ. పెట్రోలు దాకా పోకముందే ఆ నీరే కాంతిని తాగేస్తోంది.

"తుడిచి, చల్లదనం పోయేదాకా ఆగండి. ఆయన్ని నేను చూసుకుంటా."

గుమ్మంలోనే మేనేజరును పట్టుకుని పెరుగు కథ మొదలుపెట్టింది. అరగంటకు గానీ వెన్న తేలలేదు. ఆయన లోపలికొచ్చేసరికి పెట్టె మీద తొంభై ఒకటి మెరుస్తోంది.

పెట్టె ఉండిపోయింది. దాన్ని సరిచూడటానికి ఇంజిను వారానికొక్కరోజే మోగుతుందని తేలింది. ప్రతి సీసా అత్త చేతి గుడ్డ దాటాకే పెట్టెలోకి.

ఇంజిను ఆపేసిన ఆ మధ్యాహ్నం అల్లుడు తన క్యారేజీలో పెద్ద గిన్నె ఆవిడ వైపు జరిపాడు.

"వండింది నా కూతురు. మధ్యలో మీ దానమేంటి?" అంటూనే లాక్కుంది.

ఇరవై రెండేళ్లలో మొదటిసారి, ఆ గదిలో తను నమిలే చప్పుడు తనకే వినబడింది. ఫరవాలేదు, బాగానే ఉంది అనుకుంది.