పుస్తకాలను ఫెయిలు చేసే సారు

లోకంలో పంతుళ్ళు పిల్లలను ఫెయిలు చేస్తారు. కుందుర్పిలో మా వీధి చివరి బడిలో తెలుగు చెప్పే ఎర్రిస్వామి సారు మాత్రం పుస్తకాలను ఫెయిలు చేస్తారు. ఆయన ఎర్ర పెన్సిలు ముందుకు వచ్చి పాసైపోయిన పుస్తకం నాకు తెలిసి ఒక్కటీ లేదు.

జూన్‌లో కొత్త వాచకాలు రాగానే పిల్లలకు పంచరు. ఒక కాపీ చంకలో పెట్టుకుని నేరుగా బడి వంటగదికి వెళ్తారు. అక్కడ అన్నం వండే తిరుపాలమ్మ ఆయన పరీక్షా కేంద్రం. మేము ఈ ఊరు వచ్చిన ఏడాది పడవ బొమ్మ ఉన్న పేజీ తెరిచి ఇదేమిటో చెప్పమన్నారట. తిరుపాలమ్మ చేయి తుడుచుకుని పరీక్షగా చూసింది.

"ఎద్దులకు నీళ్ళు పెట్టే తొట్టి సార్. అయితే దాంట్లో మనుషులు ఎందుకు కూచున్యారో నాకు తెల్దు."

పేజీకి సున్నా. ఆ పక్క పేజీలో వాన, ఆ తర్వాత ఏరు, ఆ తర్వాత మళ్ళీ వాన. సారు నాతో ఎంతో బాధగా చెప్పారు. "ఐదు పేజీలకొక వాన పడ్తాదమ్మా ఈ పుస్తకంలో. మన మండలంలో ఇట్లాంటి దాన్ని ఎవరు నమ్ముతారు?"

నేను ఆయనను నమ్మడానికే చాలాకాలం పట్టింది. నేను చదివింది మైక్రోబయాలజీ. ఇక్కడి ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా ఉద్యోగం వస్తే ఆరేళ్ళ కూతురు చంద్రికను తీసుకుని ధర్మవరం నుంచి వచ్చాను. మా ఆయన బెంగళూరులో పని చేస్తూ శనివారాలు వచ్చి పోతాడు. చంద్రిక ఇంట్లో నా చెవులు చిల్లులు పడేలా మాట్లాడుతుంది. బడి గేటు దాటితే మాత్రం నోరు కుట్టేసుకుంటుంది. నేను భయపడితే గ్రాఫు గీస్తాను, అది నా జబ్బు. అడ్డంగా రోజులు, నిలువుగా బడిలో మాట్లాడిన మాటలు. రెండు నెలలైనా గీత కింది గీతను వదిలి లేవలేదు. దసరాలోపు నోరు విప్పకపోతే ఉద్యోగం వదిలేసి దాన్ని తీసుకుని మా అమ్మానాన్నల దగ్గరికి వెళ్ళిపోదామని నిర్ణయించుకున్నాను. మూడుసార్లు పరీక్ష రాస్తే వచ్చిన ఉద్యోగం అది.

ముందు నా ప్రయత్నం నేను చేశాను. బెంగళూరు నుంచి అక్షరాల కార్డులు, బొమ్మ మీద పెడితే మాట్లాడే పెన్ను తెప్పించి సారుకు ఇచ్చాను. ఆయన మొదటి కార్డు పట్టుకుని అటూ ఇటూ తిప్పారు. 'ఇ' పక్కన ఇల్లు, ఎర్ర పెంకులతో కోసుగా ఉన్న పైకప్పు.

"ఇంటి నెత్తిన టోపీ ఎందుకమ్మా? మిద్దె యాడ? వీళ్ళు చెనిక్కాయలు యాడ ఎండబెట్టుకుంటారు?"

కార్డులకు ఇరవై రెండు మార్కులు. పెన్నును మాత్రం కాసేపు శ్రద్ధగా విన్నారు. గొంతు బాగుందనీ, అయితే ఎదుటివాళ్ళు చెప్పేది వినదనీ, వినకుండా మాట్లాడటానికి బడిలో హెడ్మాస్టరు గారు ఎటూ ఉన్నారనీ తేల్చి దానికి పదకొండు వేశారు. మళ్ళీ చదువుకుని వచ్చే ఏడాది పరీక్ష రాయమని కంపెనీకి చెప్పమన్నారు.

ఇంత గట్టి పరీక్షాధికారి తాను మాత్రం ఏం పుస్తకం తయారు చేస్తారో అని ఎవరికైనా అనిపిస్తుంది. సారు పాత క్యాలెండర్ల వెనకవైపు తానే బొమ్మలు వేసి, పక్కన పెద్ద అక్షరాలతో రాసి, గోనె దారంతో కుట్టి పుస్తకాలు చేస్తారు. నేను మొదటిది తెరిచాను. వేరుశనగ చెట్టు. కొమ్మలకు కాయలు గుత్తులు గుత్తులుగా, మామిడికాయల్లా వేలాడుతున్నాయి. సారు పుట్టింది కుందుర్పిలోనే. ఎనిమిదెకరాల వేరుశనగ చేను ఉంది ఆయనకు.

రెండో పేజీలో సైకిలు. దాని చైను ముందు చక్రానికి ఉంది. మూడో పేజీలో మేక, దాని కొమ్ములు గడ్డం కింద.

ఊళ్ళో ఆయన బొమ్మలంటే పెద్ద వేళాకోళం. టీ కొట్టు లింగన్న అయితే గవర్నమెంటు పుస్తకాన్ని ఫెయిలు చేసే సారుకు మేక ఏ వైపు నుంచి మేస్తుందో తెలీదని నలుగురిలో అనేవాడు. సారు పక్కనే కూర్చుని టీ తాగుతూ నవ్వేవారు. టీకి యాభై మార్కులు ఇచ్చేవారు.

నాకు నవ్వు రాలేదు. బి-ట్వెల్వ్ తగ్గితే మతిమరుపు వస్తుంది. ఊరికే ఒకసారి చూద్దాం సార్ అని మాయమాటలు చెప్పి ఆయన రక్తం తీశాను. అనంతపురం పంపించి రిపోర్టు తెప్పించాను. అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. నా భయం రెట్టింపయింది. రక్తంలో లోపం ఉంటే మందు ఉండేది.

ఆగస్టులో ఒక సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చారు. ఏడాదికోసారి కొత్త పిల్లల ఇళ్ళన్నీ తిరుగుతారట. చంద్రిక నా వెనక దాక్కుంది. సారు దాని పేరు అడగలేదు, అక్షరాలు అడగలేదు. ఇంట్లో దేని గురించి ఎక్కువ మాట్లాడుతుందని నన్ను అడిగారు. వాళ్ళ తాత మగ్గం గురించి అన్నాను. మా నాన్న ఆంజనేయులు ధర్మవరంలో గుంత మగ్గం మీద పట్టుచీరలు నేస్తారు. మంచం కింద దూరి కాళ్ళాడిస్తూ మగ్గం ఆట ఆడటం తప్ప దీనికి వేరే ఆట లేదని చెప్పుకుని కాస్త ఏడ్చాను కూడా. సారు అంతా విని, టీలో చక్కెర ఎక్కువైందని అరవై ఇచ్చి వెళ్ళిపోయారు.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం ల్యాబులో ఉండగా తిరుపాలమ్మ ఫోను చేసింది.

"అమ్మా, నీ కూతురు సారును తిడతాంది. బిన్నా రా."

గ్లవ్స్ తీయకుండానే పరిగెత్తాను. బడి ముందు వరుసగా గుంతలున్నాయి. మొక్కలు నాటే పథకంలో తవ్వినవి. మొక్కలు చచ్చిపోయాయి గానీ గుంతలు బాగా బతికాయి. అలాంటి ఒక గుంతలోకి కాళ్ళు దించి గట్టు మీద కూర్చుని ఉంది చంద్రిక. చుట్టూ బడంతా మూగి ఉంది. ఎదురుగా సారు తన క్యాలెండరు పుస్తకం పట్టుకుని దోషిలా నిలబడ్డారు. పేజీలో మగ్గం. నేతగాడు దాని ముందు కుర్చీ వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

"కాళ్ళు ఈడుండాల సార్, గుంతలో. కుర్చీలో కూచుంటే ఎట్ల తొక్కుతాడు?"

"తొక్కేదేముంది పాపా. నేసేది చేత్తోనే కదా."

"చేత్తోనా? మీకెవరు చెప్పినారు సార్?"

"నాకు తెలిసింది అంతే. మార్కులు నువ్వే వెయ్యి."

నా కూతురు ఎర్ర పెన్సిలు అందుకుని సున్నా వేసింది. సారు ముఖం చూసింది. సున్నాకు ముందు ఒకటి పెట్టింది. చీర అంచు బాగుందట, అందుకట. తర్వాత గుంతలో కూర్చునే, ఏ కాలు ఎప్పుడు తొక్కాలో బడంతటికీ పాఠం చెప్పింది. మాటలు లెక్కపెడదామనుకుని నేను నూట నలభై దగ్గర తప్పిపోయాను.

సంతోషం పట్టలేక సాయంత్రం మా నాన్నకు ఫోను చేశాను. పాపం సారుకు మగ్గం గురించి ఒక్క ముక్క తెలియదు, అదే మంచిదైంది అన్నాను. అవతల మా నాన్న మగ్గం ఆపారు.

"తెలీకపోవడమేమి మ్మా. రెండు వారాల కిందట ఆదివారం ఆయప్ప బస్సెక్కి ఈడికి వచ్చినాడు. పొద్దంతా నా పక్కన గుంతలో కాళ్ళు పెట్టుకుని కూచున్యాడు. పోయేటప్పుడు మగ్గం బొమ్మ గీసి చూపించినాడు, పోగు కూడా తప్పు పోలే. నీకు చెప్పద్దన్యాడు. నువ్వే ఎత్తితివి కాబట్టి చెప్తాండా."

ఫోను పెట్టేశాను. రక్తం రిపోర్టు నిజమే చెప్పిందన్నమాట. చైను ముందు చక్రానికి ఉన్న సైకిలు గుర్తొచ్చింది. బడిలో చంద్రిక పక్కన కూర్చునే హసీనా వాళ్ళ నాన్నది పంక్చరు కొట్టు. కొమ్ములు గడ్డం కింద ఉన్న మేక గుర్తొచ్చింది. అదే బడిలో చదివే వీరేష్ వాళ్ళకు ముప్పై మేకలు. ఊరంతా నవ్వుకున్న ఒక్కో తప్పు వెనకా నోరు విప్పని ఒక్కో బిడ్డ ఉండేది. ఆ బిడ్డకు తప్ప ఇంకెవరికీ అంత కోపం రాని తప్పు వెతికి, పని గట్టుకుని గీశాడు మహానుభావుడు.

చెప్పులు వేసుకున్నాను. ఎక్కడికని అడిగింది చంద్రిక. సారుకు దండం పెట్టి వస్తానన్నాను. అది వచ్చి తలుపుకు అడ్డం నిలబడింది.

"వద్దమ్మా. సారుకు అన్నీ వస్తాయని మాకందరికీ తెలుసు. నాకు హసీనా చెప్పింది ఇప్పుడే, ఇంటికొచ్చేటప్పుడు."

"మరి ఎవరూ అనరేం?"

"అంటే రేపు కొత్త పాపకు ఎట్ల? వాళ్ళ నాయన బోరు బండి మీద పనిచేస్తాడంట. సారు బొమ్మ వేస్తాండాడు. నువ్వు కూడా తెలీనట్టే ఉండు."

మర్నాడు డ్యూటీకి వెళ్తూ బడి కిటికీ దగ్గర ఆగాను. సారు కొత్త పేజీ ఎత్తి చూపిస్తున్నారు. బోరు బండి గొట్టం భూమిలోకి కాకుండా నేరుగా మబ్బుల్లోకి పోతోంది. నీళ్ళుండేది పైనే కదా అంటున్నారు సారు, ఎంతో అమాయకంగా. పిల్లలందరూ అవును సార్ అని తలలూపుతున్నారు. ఒక్కరి ముఖంలో కూడా నవ్వు లేదు. మా చంద్రిక అయితే లేచి, అందరికంటే గట్టిగా, వందకు వంద ఇచ్చేసింది.

చివరి వరుసలో కొత్త పాప ఇక పట్టలేక లేచి నిలబడింది.