జీపు అత్త ఎంచుకున్న పనిముట్లు

మా వీధిలో అందరం జీపు అత్త అని పిలిచే ఆవిడ పోయింది. పాకలో జీపు కింద దూరి గ్రీజు పెడుతూ పోయింది. పొద్దుటి నుంచి ఆవిడ పాదాలు రెండూ బయటికి కనబడుతూనే ఉన్నాయి. వీధిన పోయేవాళ్ళు చూశారు. "ఏటమ్మా, ఇంకా తెమల్లేదా?" అని ఒకాయన వెటకారమాడి, జవాబు రాకపోయేసరికి "పొగరు" అని తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం కుళాయి వచ్చింది. ఆవిడ బిందె వరసలోకి రాలేదు. అప్పుడు గానీ ఎవరికీ అనుమానం కలగలేదు. మనిషి చచ్చిపోయిందని బిందె చెబితే తప్ప తెలియని వీధి మాది.

గుండె ఆగిందన్నారు. జీపు మీద పడిందని ఊళ్ళో చెప్పుకుంటున్నారు, అది అబద్ధం. ముందు ఇరుసు కింద ఆవిడ పెట్టిన రెండు దుంగలూ వెంట్రుకవాసి కదల్లేదు. "జాకీ ఎత్తడానికేరా, మొయ్యడానిక్కాదు" అనేది. దుంగలు పెట్టకుండా ఏనాడూ కింద దూరలేదు. మనుషుల సంగతి వేరు గానీ, ఆవిడ ఎంచుకున్న వస్తువేదీ ఆవిడను ముంచలేదు.

నాకు చుట్టం కాదు. గోడ అవతలి మనిషి. ఆవిడ భర్త ఆ పాత పెట్రోలు జీపును కొండ మీది చింతపల్లి సంతకు నడిపేవాడు. ఆయన మంచం పట్టాక అది పాకలో తుప్పు పట్టింది. కోళ్ళు అందులోనే గుడ్లు పెట్టేవి. ఆయన పోయాక, కర్మకాండ తెమలకముందే ఆయన అన్నగారు వచ్చి పనిముట్ల పెట్టె పట్టుకుపోయాడు. జీపు వదిలేశాడు. "తుక్కు కిందేసీమ్మా" అని సలహా కూడా ఇచ్చాడు. పిల్లలు లేని ఆవిడకు ఆ తుక్కే మిగిలింది. దాన్ని నడిపించి సంతకు తిప్పుకుంటానని ఆవిడ అన్నప్పుడు వీధంతా నవ్వింది.

గారేజీల్లో పానా అరువడిగింది. "ఇంట్లో గరిటుంటాది కదత్తా, దాంతో తిప్పీ" అన్నాడొకడు. మిగతావాళ్ళు పడీపడీ నవ్వారు. నేనక్కడే ఉన్నాను. శ్రమ గౌరవం గురించీ స్త్రీ విముక్తి గురించీ కరపత్రాల్లో చదివిందంతా వాళ్ళ మీద గుమ్మరించాను. చొక్కాలు పట్టుకునే దాకా వచ్చింది. ఆవిడ నా రెక్క పుచ్చుకుని బయటికి లాక్కొచ్చింది.

"అరిసింది సాలు గానీ కాగితాలోడా, నీ అరుపుకి నాకు పానా వొచ్చిందేటి?"

ఆ పేరు నాకు అంటుకుపోయింది. పంతానికి నేను ఫోన్లో వీడియోలన్నీ చూసి, పాత బండి బాగుచేయడానికి ఏయే పనిముట్లు కావాలో పెద్ద జాబితా రాసుకెళ్ళాను. ఆవిడ చదివించుకుని వింది. "ఇది పనిముట్ల లిస్టా, పెళ్ళి సారె లిస్టా? బండేటి అడుగుతుందో సూడకుండా కొట్లో ఏటుందో రాసుకొచ్చీసేవు" అంది.

అలాగని అన్నీ తెలిసిన మనిషి కాదు. మొదట ఆవిడా బోల్తా పడింది. మా హార్డ్‌వేరు కొట్టాయన "పదమూడు నంబరు సరిపోద్దమ్మా" అంటే నమ్మి తెచ్చుకుంది. ఆ జీపు బోల్టులు పాత అంగుళాల లెక్కవి, పానా మిల్లీమీటర్లది. బలంగా తిప్పితే అంచులు అరిగి బోల్టు గుండ్రంగా అయిపోయింది. దాన్ని ఉలితో నరకాల్సొచ్చింది. అరచెయ్యి చీరుకుంది. ఆ నెత్తురు చేత్తోనే వెళ్ళి పానా కొట్టాయన బల్ల మీద పడేసింది. "మీ మాట వొదులుగా ఉందండీ. మీ పానాలాగే."

ఆ తరువాత జీపులోంచి రకానికో బోల్టు విప్పి కొంగున ముడేసుకుని యలమంచిలి పాత ఇనుము కొట్టుకు వెళ్ళింది. నేనూ వెళ్ళాను. ప్రతి పానా బోల్టుకు పట్టించి, వేళ్ళతో ఊపి, ఏమాత్రం ఆడినా పక్కన పారేసింది. సాయంత్రానికి ఆవిడ చేతికి వచ్చినవి కొన్ని అంగుళాల పానాలు, ఒక సుత్తి, ఉలి, పొడవాటి స్క్రూడ్రైవరు, ఇనుప బ్రష్షు, గ్రీజు గన్ను, పాత జాకీ. అంతే. దుంగలు మాత్రం సామిల్లులో బేరమాడి కొంది. నా జాబితాను మడిచి జాకీకి పట్టిన మడ్డి తుడిచింది. నా కరపత్రాలకూ తర్వాత అదే గతి పట్టింది. "ఎవుడు రాసేడో గానీ కాగితం మంచిదిరా, నూనె బాగా పీలుస్తాది."

నాకు ఒళ్ళు మండేది. మండుతూనే రోజూ వెళ్ళి టార్చిలైటు పట్టుకుని నిలబడేవాణ్ణి. ఒక్కనాడు కూడా బాగా చేశావనలేదు. లైటు వణికితే తిట్టేది. వెలుగును పడాల్సిన చోట నిలిపినట్టే నా కోపాన్నీ నిలపడం ఆ తిట్లతోనే నేర్పింది. ఆ రుణం ఎవరికి చెప్పుకోను?

దసరా నాటికి ఇంజను పలికింది. పనిముట్లు కడిగి గోనెసంచి మీద పరిచి కుంకుమ పెట్టింది. కబురందుకుని భర్త అన్నగారు గుమ్మడికాయ, నిమ్మకాయలు పట్టుకుని దిగాడు.

"నువ్వు లోపలికెళ్ళమ్మా. బండి కదిలేటప్పుడు నీ మొకం ఎదురవకూడదు."

"విప్పి బిగించిన సెయ్యి ఇదే బావగారూ. అప్పుడు లేని దోసం నిమ్మకాయల కాడొచ్చిందేటండీ?"

అని సీటెక్కి, నిమ్మకాయల మీంచి బండి పోనిచ్చింది. ఆయన పంచె ఎత్తిపట్టి పక్కకు దూకాడు. నేను ఈలవేశాను. వీధి చివర తిప్పుకుని వచ్చేసరికి ఆయన నవ్వుతూ నిలబడి ఉన్నాడు.

"బానే నడుస్తోంది. తమ్ముడి పేర్న ఉన్న బండి కదమ్మా. మా అబ్బాయికి పనికొస్తాది. మంచి రోజు సూసి పట్టుకెల్తాం."

"ముక్కలుగా ఉన్నన్నాళ్ళూ నాది. కదిలిందంటే మీదా అండీ?"

ఆయన పంచె దులుపుకుని, మంచి రోజు ఎప్పుడో కనుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి బండి ఆపిన ప్రతిసారీ ఆవిడ ఇంజను పక్కనున్న మూత తెరిచి, లోపలి రోటరు తీసి కొంగున ముడేసుకునేది. బొటనవేలంత నల్ల ముక్క, నెత్తిన ఇత్తడి రేకు. అది లేకపోతే ఇంజను ఎంత తిరిగినా నిప్పు పుట్టదు, బండి ఎవరికీ కదలదు. ఆడది నడిపే బండి ఎక్కబోమని మా మగాళ్ళు మొహం తిప్పుకున్నారు. కొండ మీది ఆడవాళ్ళు మాత్రం పసుపు మూటలతో, మిరియాల సంచులతో ఎక్కారు. పోయిన నాడు కూడా మర్నాటి సంత కోసమే గ్రీజు పెడుతోంది.

స్నానం చేయించేటప్పుడు కొంగు ముడి విప్పి మా అమ్మ ఆ ముక్కను నా చేతిలో పెట్టింది. "ఇదేట్రా, బండిదేనా?" బయట ఆవిడ బావగారు పాడె సంగతి ఇంకా ఎత్తలేదు. "బండి తాళం ఎక్కడెట్టిందో సూడండి" అంటున్నాడు.

శ్మశానంలో అందరూ తలో పిడికెడు బియ్యం వేశారు. నేనూ వేశాను. నా పిడికిట్లో ఉన్నది బియ్యం ఒక్కటే కాదు. నాకు పశ్చాత్తాపం లేదు.

అస్థికలు ఏరింది బావగారే. నల్లబడిన ఇత్తడి రేకు ఆయన వేళ్ళకే తగిలింది. ఒక్క క్షణం చూసి, బూడిదతో పాటు కుండలో వేశాడు. తన చేతులతోనే ఏట్లో కలిపాడు. అక్కణ్ణుంచి తల తడి ఆరకుండానే మెకానిక్కును వెంటబెట్టుకుని పాకకు వచ్చాడు. ఇంజను గుర్రుగుర్రుమంటుంది గానీ అందుకోదు. మెకానిక్కు మూత విప్పి, "రోటరు లేదండీ" అన్నాడు. బావగారు నా వైపు తిరిగాడు.

"ఒరే, ఆవిడెనకాలే తిరిగేవోడివి. నీకేటైనా తెలుసేటి?"

"ఆవిణ్ణే అడగండి" అన్నాను.

ఇప్పుడు ఆయన రోజూ వస్తున్నాడు. గోనెసంచి మీది పానాలన్నీ తిరగేశాడు. ఇవాళ జీపు కింద దూరి వెతుకుతున్నాడు. ఆవిడ దుంగలు అలాగే ఉన్నాయి. పాదాలు రెండూ బయటికి కనబడుతున్నాయి. వీధిన పోయేవాళ్ళు ఒక్కొక్కరే ఆగి, "దొరికిందా అండీ?" అని మర్యాదగా వంగి అడుగుతున్నారు. జవాబు వచ్చేదాకా కదలడం లేదు.