గజానికో ముడి

మా జాగ్రఫీ సారు పోయి పదకొండు రోజులైంది. ఆ పొద్దున సారు భార్య నేను పనిచేసే విత్తనాల దుకాణానికి ఫోన్ చేసి, "మీ సారు పోయిండు తమ్మీ" అన్నది. ఆ వెంటనే, "తాడు నీకే ఇయ్యమన్నడు" అన్నది.

హసన్‌పర్తిలో మా దుకాణం గోడకున్న పటాన్ని మీలో కొందరు చూసే ఉంటారు. నీళ్లు మిగిలే ఊరికి నీలం, చాలని ఊరికి ఎరుపు. అది సారు గీసిందే. ఏటా వానలు ముగిశాక, యాసంగి నాట్లకు ముందు, ఊరూరా తిరిగి బావుల్లోకి రాయి కట్టిన తాడు దించేవారు. తాడుకు గజానికో ముడి. నీళ్లు తగిలేదాకా ఎన్ని ముళ్లు దిగాయో చూసి, ఐదు దాకా నీలం, దాటితే ఎరుపు వేసేవారు.

నేను బడిలో చదివింది తక్కువ. దుకాణంలో చూసి చూసి రాయడం నేర్చుకున్నాను. నా రోజువారీ పుస్తకం చూసి సారు ఓసారి, "రోజూ రాస్తనే ఉంటవు గద, జర వాన గూడ రాయి" అన్నారు. అప్పటినుంచి ఆయన వెంట తిరిగాను. దారిలో ఇద్దరం పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. ఆయన జేబులో నీలం పెన్సిల్ ఎప్పుడూ పొడుగ్గానే ఉండేది. ఎరుపుది అరిగి బొటనవేలంత అయ్యేది.

"జిల్లా మొత్తం మీద వాన మంచిగనే పడ్డదట సార్" అన్నాను ఓసారి, పేపర్ చూసి.

"మొత్తం మీద పడ్డ వాన ఎవని బాయిల పడ్డదిరా?" అన్నారు. హసన్‌పర్తి చెరువు నిండి మత్తడి దుంకుతున్న ఆ వారంలోనే, పాలకుర్తి వైపు బావుల్లో అడుగు కనిపించింది.

ఆయనకు మోకాళ్ల నొప్పులు వచ్చిన ఏడు ఒక ఊరికి నేనొక్కణ్నే వెళ్లాను. మూడో ముడికే నీళ్లు తగిలాయి. సంబరంగా నీలం వేశాను. ఆ ఊరి రైతు ఒకతను పటం చూసి, ఉన్న రెండెకరాలూ వరి పెట్టాడు. పొట్ట దశలో మడి నెర్రెలు బారింది. తర్వాత తెలిసింది. నేను వెళ్లేనాటికి ఆ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలి వారమైంది. మోటర్లు నడవక బావులు నిండాయి.

"నీ నీలం రంగు మా బర్లు మేసినయన్నా" అన్నాడు రైతు, దుకాణంలో అందరి ముందూ. పక్కనే కూర్చున్న సారు లేచి, "పటం నాది, తప్పు నాది" అన్నారు. అతను వెళ్లాక నాతో, "తాడు అబద్ధం ఆడదు. మోటరు ఎప్పుడు బంద్ జేసిన్రని నువ్వే అడగాలె" అన్నారు. అంతే, మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

నిన్న అదే రైతు ఫోన్ చేశాడు. "సారు లేకపాయె. ఈసారి ఏ రంగన్నా? నారు ముదురుతాంది."

ఈ ఏటి పటంలో అతని ఊరొక్కటే ఖాళీగా ఉంది. ఈ పొద్దున వెళ్లాను.

"మోటరు ఎప్పుడు బంద్ జేసినవ్?"

"ఇప్పుడే, నువ్వొస్తానవని."

రాయి దించాను. ఏడు ముళ్లు దిగాయి. నీళ్లు ఊరనిద్దామని ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం.

"ఎంతసేపు?"

"ఊరినంతసేపు."

మధ్యాహ్నానికి, పైనుంచి లెక్కిస్తే ఆరో ముడి తడిసింది. ఐదోది ఇంకా పొడిగానే వేలాడుతోంది. అతను బావిలోకి చూడటం లేదు. నా జేబులోని రెండు పెన్సిళ్లనే చూస్తున్నాడు.