హైవే మీద ఉలవల కళ్లం

మా చిన్నప్పుడు... కళ్లంలో ఎద్దులు తిరుగుతుంటే వాటి వెనకాల తట్ట పట్టుకుని నడవడం నా పని. పేడ గింజల మీద పడకుండా పట్టుకోవాలి. నాకు మాటలు తక్కువ. మాట్లాడే పని లేదు గనక నాయన అది నాకే ఇచ్చేవాడు...

మా పిల్లలు బడికి పోయేనాటికి ఆ ఎద్దులు లేవు. వరస కరువులు... మేత లేక అమ్మేశాం.

మాది జిల్లాకు ఉత్తరాన, పామిడి పక్క. ఊరి ముందరే పెద్ద రోడ్డు. ఉత్తరాదికి పోయే లారీలన్నీ దాని మీదే. ఎద్దులు పోయాక అదే మా కళ్లం. ఉలవ చెట్లు పీకి రోడ్డు మీద పరిస్తే చక్రాలే నూర్చేవి. సందు చూసుకుని తిరగేసేవాళ్లం.

డ్రైవర్లు నిదానించేవాళ్లు. తిట్టేవాళ్లు కూడా...

"ఏమక్కా, రోడ్డు మీ నాయన ఏసినాడా?"

"మా నాయన ఏసింటే నిన్ను రానిస్తానా? ఇంగొక తూరి ఎనక్కొచ్చి పోన్నా, సరిగ్గా నలగల్యా!" అనేది నా భార్య.

నేను నవ్వేవాణ్ని. అంతే.

తర్వాత ఆ రోడ్డును నాలుగు వరసలు చేశారు. ఆ ఏడు వేరుశనగ ఎండిపోయింది. చివర్లో పడిన వానకు ఉలవలు మాత్రం వచ్చాయి. ఏడాది తిండి అవే... విత్తనమూ అవే. పొద్దున్నే తీసుకుపోయి కొత్త రోడ్డు మీద పరిచాం. నున్నగా ఉంది, బాగా రాలుతాయి అనుకున్నాం.

ఎవరూ నిదానించలేదు.

లారీ పోయే గాలికి చెట్లు లేచి రోడ్డు నడిమి గట్టు మీద పడ్డాయి. రాలిన గింజ చక్రాల కింద పిండి అయింది. ఉన్నవన్నా ఎత్తుదామని నా భార్య చాట తీసుకుని గట్టు మీదికి పరిగెత్తింది.

"మేయ్, ఇట్ల రా! పోతే పోనీ!" అని అరిచాను. అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు.

"నువ్వు రావాకు! ఆడే ఉండు, నేనే వస్తా!"

రాలేకపోయింది. బండ్ల వరస తెగలేదు... చాట ఒళ్లో పెట్టుకుని గట్టు మీదే కూర్చుంది. నేను ఇటు కూర్చున్నాను. మధ్యలో మా ఉలవలు. ఏదో చెబుతోంది... వినపడలేదు. ఊరికే తల ఊపాను.

పొద్దు వాలాక దాటి వచ్చింది. చాటలో ఉన్నవి విత్తనానికి కూడా చాలవు.

"ఏం చెప్తాంటివి?" అని అడిగాను.

"ఏమో... మర్సిపోతి" అంది.

ఇంటికి పోయాం. ఏడవలేదు. ఎవరినీ తిట్టలేదు. ఏమీ అనిపించలేదు కూడా. మళ్లీ రోడ్డు మీద ఏమీ పరచలేదు. ఊళ్లో ఎవరూ పరచలేదు.

ఇప్పుడు నూర్పిడి మిషన్ చేలోకే వస్తుంది. కాసేపట్లో అయిపోతుంది. మంచిదే.

మీలో ఎవరైనా రోడ్డు మీద పంట నూర్చి ఉంటే రాయండి... చదువుకుంటాను. మా ఊళ్లో అయితే ఆ సంగతి ఎవరూ ఎత్తరు. రోడ్డు బాగా పెద్దదయింది... అవతలి మనిషి నోరు కదలడం కనపడుతుంది, మాట మాత్రం ఇవతలికి రాదు.