అత్తమ్మ యూరియా వేసిన ఈతకొలను

ఆ వయసులో మనకు తెలిసింది నాలుగు ముక్కలే అయినా, లోకానికి చెప్పడానికి మాత్రం నలభై ఉంటాయి. ఇంజనీరింగ్ అయిపోయి, పని దొరక్క, ఫోన్‌లో వీడియోలు చూసీ చూసీ నేను మందులు కలపని ఈతకొలను కట్టాలని తీర్మానించుకున్నాను. కొలనులో సగం ఈతకు, సగం మొక్కలకు. మట్టి లేకుండా ఉత్త కంకరలో తుంగ, మెట్టతామర నాటి, మోటారుతో నీళ్ళను ఆ కంకర గుండా తిప్పాలి. వేరే తిండి దొరకని మొక్కలు నీళ్ళలోని సత్తువంతా లాగేసుకుంటాయి, నాచుకు ఏమీ మిగలదు. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో స్టీలు సామాన్ల దుకాణం నడిపే మా బాపు ఇదంతా శ్రద్ధగా విని, "దుకాణంల కూసోకుండ తప్పించుకునేతందుకు మంచిగనే ఎతికినవ్ రా" అన్నాడు.

నన్ను నమ్మింది బోధన్ దగ్గర చెరుకు వేసే మా మేనమామ ఒక్కడే. (నమ్మకం కన్నా, చుట్టాల్లో ఎవరికీ లేనిది తనకుండాలన్న ముచ్చట ఎక్కువ.) తోట పక్కన గొయ్యి తవ్వించి, నీళ్ళు ఇంకిపోకుండా ప్లాస్టిక్ పట్టా పరిచి, కంకర పోసి, బోరు నీళ్ళు నింపాం. కొన్ని వారాలకు అడుగు కనిపించేంత తేటగా తయారయ్యాయి. దాంతో నేను గట్టు మీద నడిచే తీరే మారిపోయింది. ఒక ఆదివారం చూడ్డానికి వస్తానన్నాడు బాపు. నీళ్ళు బాగుంటే ఇదే పని చేసుకోవచ్చు, లేదంటే సోమవారం నుంచి దుకాణమే. అంతకుముందు పది పదిహేను రోజులు జ్వరమొచ్చి నేను నిజామాబాద్‌లోనే ఉండిపోయాను.

తీరా బాపుతో వెళ్ళి చూస్తే నీళ్ళు పాలకూర పప్పులా ఉన్నాయి. మామ వాళ్ళ బర్రె అందులో పడుకుని తీరిగ్గా నెమరేస్తోంది. "మొదటి గిరాకి అచ్చింది గదరా" అన్నాడు బాపు. మొక్కలు మాత్రం నిగనిగలాడుతూ ఏపుగా పెరిగాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ. అంతలో అత్తమ్మ సంబరంగా వచ్చింది.

"సూసినవా బిడ్డా? ఉత్త కంకరల పెట్టి పోతివి, పాపం, ఆకులు పాలిపోయి సావనికొచ్చినయ్. చెరుకు మొదళ్ళకు ఏసినట్టు పిడికెడు యూరియా, పిడికెడు డీఏపీ ఏసిన. ఎట్ల లేసినయో సూడు!"

"అత్తమ్మా, నేను కావాలనే పస్తులుంచిన!"

"ఏం మనిషివి రా? నాటినోనివి నువ్వే, కడుపు మాడ్చెటోనివి నువ్వేనా?"

ఇక ఆ ఇంట్లో మెతుకు ముట్టనని ఒట్టు పెట్టుకుని గట్టు మీద కూలబడ్డాను. బాపు మొక్కలనూ నీళ్ళనూ మార్చి మార్చి చూసి, "ఎరువు ఎయ్యనన్ని దినాలు నీళ్ళు తేటగనే ఉండె. మీ మామ ఫోటో పంపిండు, సూసిన. ఎరువేసినంక నాచు పట్టింది. గట్లయితే నువ్వు చెప్పింది నిజమే గద?" అన్నాడు. అంత చదివిన నాకు ఆ మాట తట్టలేదు, కోపమొక్కటే తట్టింది. "మల్ల తేటగ చెయ్యి. గప్పటిదాక దుకాణం నేను సూసుకుంట" అన్నాడాయన.

నీళ్ళు తోడి, కంకర కడిగి, మళ్ళీ నింపాం. చలికాలానికి అడుగు కనిపించింది. ఈ రోజుకూ నా బతుకుదెరువు అదే. కట్టిన ప్రతి కొలను దగ్గరా ఇంటిల్లిపాదినీ నిలబెట్టి, మొక్కల మీద జాలి పడొద్దని ముందే చెబుతాను.

ఆ రోజు నా ఒట్టు ఎంతసేపు నిలిచిందంటే, అత్తమ్మ జొన్నరొట్టె, వంకాయ కూర పట్టుకుని గట్టు దాకా నడిచి వచ్చేంతసేపు. "తిను, తిన్నంక తిట్టు" అంది. తిన్నాను, తిట్టడం మరిచిపోయాను. అప్పటి ఫోటో ఒకటి ఇంకా నా దగ్గరుంది. జ్వరం నుంచి లేచిన మొహం, వేలాడే చొక్కా, ఆపైన అంత కోపం. దాన్ని చూస్తే నవ్వొస్తుంది. అలా ఎండిపోయి కనిపించినదాన్ని దేన్నీ అత్తమ్మ ఊరికే వదలదని పాపం ఆ కుర్రాడికి తెలియదు.