సుభద్ర దొరసాని సెంటుబుడ్డి

ఈ బరువును నేను ఎవరికీ చూపించలేదు. నా మొగుడికి చూపించలేదు, కన్నకొడుక్కి చూపించలేదు. చూపిస్తే వాళ్ళు ఏమంటారో నాకు తెలుసు. "దొరల ఇంటి సంగతి, పోనియ్" అంటారు. ఆ మాట వాళ్ళ నోట వినాలని లేదు. ఎందుకంటే అదే మాట నాకు నేను చెప్పుకుంటూ ఇన్నేళ్ళు బతికాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. అందుకే మీకు చెబుతున్నాను.

నేను ఒక మనిషి మీద అబద్ధం చెప్పాను. దానివల్ల ఆమె ఇల్లు పోయింది. కడుపున పుట్టిన బిడ్డ దూరమైంది. ఆమె పేరు సుభద్ర.

మాది దేవరుప్పుల దిక్కు ఒక పల్లె. సంఘం లేచి, ఊళ్ళు దొరల మీద తిరగబడుతున్న రోజులు. మా అమ్మ కోటలాంటి దొర గడిలో వెట్టి చేసేది. నా చేతులు పనికొచ్చే వయసు రాగానే నన్నూ అక్కడే పెట్టారు. సుభద్ర ఆ గడికి చిన్న కోడలు. పట్నంలో పుట్టి పెరిగిన పిల్ల. ఆమె పనులు చూడమని నన్ను అప్పగించారు. వయసులో మా ఇద్దరికీ పెద్ద తేడా లేదు.

ఆమె ఒక సెంటు పూసుకునేది. వాళ్ళ అన్న సికింద్రాబాదులో ఇంగ్లీషు దుకాణం నుంచి తెచ్చి ఇచ్చేవాడు. మల్లె కాదు, గులాబీ కాదు. పాలు మరిగి మరిగి మీగడ కట్టి, అందులో బెల్లం కరిగితే వచ్చే వాసన లాంటిది. దానికొక పేరుందని నాకు అప్పుడు తెలియదు. ఎన్నో ఏళ్ళ తర్వాత, భూపాలపల్లిలో నా కొడుకు ఉండే బొగ్గుబాయి క్వార్టర్లో, మనుమరాలి పుట్టినరోజున కేకు డబ్బా తెరిచారు. ఇదేం వాసన అని అడిగితే, "వెనిల్లా, నానమ్మా" అంది పిల్ల. లోపలికి వెళ్ళి గోడకు ఆనుకుని కూర్చున్నాను. బీపీ అనుకున్నారు అందరూ.

వాసన తీపి. మనిషి తీపి కాదు. గడిలో ఆడవాళ్ళంతా పిల్లుల్లాగా నడిస్తే ఆమె దడదడ నడిచేది. నవ్వితే వాకిట్లో జీతగాళ్ళకు వినపడేది. కోపం ముక్కు మీదే. చెంబు జారవిడిచానని ఒకసారి నన్ను కొట్టింది. కాసేపటికి పిలిచి తన పళ్ళెంలోని ఎండుకొబ్బరి కుడుక ముక్క నా నోట్లో పెట్టింది. తప్పయిందని చెప్పడం ఆమెకు రాదు, తినిపించడం వచ్చు. తలుపు గొళ్ళెం పెట్టి నా తల దువ్వేది. చిక్కు పడితే నన్నే తిట్టేది. ఆ గడిలో నన్ను ముట్టుకున్న చెయ్యి, కొట్టడానికైనా దువ్వడానికైనా, ఆమెదొక్కటే. మొగుడు పట్నంలో వకీలు చదువు చదువుతుంటే ఈ సెంటు ఎవరి కోసమని ఒకనాడు అడిగాను. నవ్వింది. ఈ ఇంట్లో చుట్టల వాసన, ఆముదం దీపాల వాసన, భయం వాసన, నాదంటూ ఒక వాసన ఉండొద్దా అంది.

ఆమెకు ఆడపిల్ల పుట్టింది. వసంత అని పేరు పెట్టుకుంది. పిల్ల నడక నేర్చింది నా వేళ్ళు పట్టుకునే.

ఇక నా సంగతి. మా ఊరి యాదగిరి సంఘంలో చేరి దళంతో తిరిగేవాడు. మా ఇద్దరికీ ఇష్టం. ఒకసారి కాలికి దెబ్బ తగిలి వెనకబడిపోయాడు. పోలీసులు ఇల్లిల్లూ గాలిస్తున్నారు. దొర దొడ్డిని మాత్రం ఎవరూ వెతకరు కదా. అక్కడ చొప్ప కుప్పలో దాచాను. గడిలో మిగిలిన రొట్టె కొంగున కట్టుకుపోయి పెట్టేదాన్ని.

మర్నాడు దళం వాళ్ళు వచ్చి అతన్ని తీసుకుపోతారని తెలిసింది. మళ్ళీ చూస్తానో లేదో. నా ఒంటి మీద ఎప్పుడూ పేడ వాసన, బూడిద వాసన. ఒక్కసారి, ఒక్కసారైనా అతనికి వేరేగా గుర్తుండాలనిపించింది. ఇంత చిన్న కోరిక కూడా పాపమవుతుందని ఎవరు అనుకుంటారు? దీపాలు పెట్టే వేళ సుభద్ర గదిలోకి వెళ్ళి సెంటుబుడ్డి మూత తీశాను. తొందర పడ్డాను. మెడకు రాసుకున్నదానికన్నా, చంకలో పెట్టుకున్న దుప్పటి మీద ఒలికిందే ఎక్కువ. చలికి కప్పుకోమని అతనికి ఇవ్వబోతున్న దుప్పటి అది.

అతను వాసన చూసి నవ్వాడు. "దొరసాని లెక్కున్నవ్" అన్నాడు. నాకు రెక్కలొచ్చినట్టయింది.

తెల్లారేసరికి అతను వెళ్ళిపోయాడు. దుప్పటి చొప్పలోనే ఉండిపోయింది. జీతగాడికి దొరికింది. చొప్పలో మనిషి పడుకున్న గుంత, రొట్టె ముక్కలు, దుప్పటి. గుమాస్తా దాన్ని తెచ్చి పెద్దదొర ముందు పరిచాడు. ఆ వాసన సావడి అంతా నిండింది. ఆ వాసన ఎవరిదో గడిలో తెలియనివాళ్ళు లేరు.

కోడలిని పిలిపించాడు. "నేను పోలే" అంది ఆమె. తల దించలేదు. "మరి గీ వాసనెవలది?" అన్నాడు. ఆమె నోరు తెరిచి, నా వైపు చూసి, మూసుకుంది. పెద్దదొర ఆ చూపును పట్టుకున్నాడు. నా దిక్కు తిరిగాడు.

"నువ్వు దీని ఎంబడే ఉంటవ్ గదా. నిన్న పొద్దుగూకినంక ఇది దొడ్డిలకు పోయిందా?"

తెలియదు అనొచ్చు. ఆ ఒక్క మాట చాలేమో. ఇప్పటికీ దాన్ని అని చూసుకుంటాను లోపల. కానీ అప్పుడు నాకు పోలీసుల క్యాంపు కనపడింది. క్యాంపుకు పోయినవాళ్ళు ఎట్లా తిరిగి వచ్చారో కనపడింది.

"పోయింది దొరా, నీ బాంచన్" అన్నాను.

సుభద్రను గదిలో వేసి గొళ్ళెం పెట్టారు. పట్నం నుంచి మొగుణ్ణి పిలిపించారు. అన్నం పళ్ళెం తీసుకుపోయే పని మళ్ళీ నాదే. కిటికీ దగ్గర నిలబడి ఉంది. నేను తలుపు దగ్గరగా వేశాను.

"నిన్న నీ మెడ కాడ వాసనొచ్చింది. అప్పుడే ఎర్కయింది నాకు" అంది.

కాళ్ళ మీద పడ్డాను. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది. జుట్టు పట్టి లేపి చెంప మీద కొట్టింది.

"అడిగితే ఇయ్యకపోదునా? దొంగతనం ఎందుకు జేసినవే?"

"తప్పయింది దొరసానీ. ఇప్పుడే పోయి పెద్దదొరకు చెప్త."

"చెప్పి? నిన్ను క్యాంపుల అప్పజెప్తడు. నీ పిలగాడి జాడ కక్కేదాక ఆళ్ళు నిన్ను ఇడిసిపెడ్తరా?"

"మరి నువ్వు?"

"నన్ను సంపరు. మా అన్న దగ్గరికి తోలేస్తరు. దొర కోపం దిగినంక బిడ్డ కోసం మళ్ళొస్త. అందాక దాన్ని జర చూస్కో. పాలల్ల చక్కెర ఎక్కువెయ్యకు, పండ్లు పుచ్చిపోతయ్."

ఇప్పుడే పోయి చెప్తానన్నాను కదా. నిజంగా వెళ్ళేదాన్నా? ఆమె వద్దంటుందని తెలిసే అన్నాను. గడప దాటడానికి నా కాలు కదలనేలేదు. ఈ సంగతి ఆమెకు తెలిసిందో లేదో నాకు తెలియదు. తెలిసే ఉంటుంది.

మొగుడు వచ్చాడు. ఆమె ముఖమైనా చూడలేదు. కచ్చడం బండిలో ఎక్కించి పుట్టింటికి పంపారు. బిడ్డను ఇవ్వలేదు. వసంత నా చంకలో ఉంది. బండి కదలగానే నా జబ్బను కొరికింది, దూకాలని చూసింది. నేను గట్టిగా పట్టుకున్నాను. తల్లి నుంచి బిడ్డను ఆపిన చేతులు కూడా నావే.

దొర కోపం దిగలేదు. ఆమె రాసిన ఉత్తరాలకు బదులు పోలేదు, ఆమెకు పిలుపు పోలేదు. కొన్నాళ్ళకు ఆమె పుట్టింట్లో జ్వరంతో పోయిందని గుమాస్తా ఎవరితోనో అంటుంటే విన్నాను. వసంతకు స్నానం చేయిస్తున్నాను అప్పుడు. చెయ్యి ఆగలేదు. నీళ్ళు పోస్తూనే ఉన్నాను.

తర్వాత సంఘం గడి మీదికి వచ్చింది. దొరలు రాత్రికి రాత్రే పట్నం పారిపోయారు, పిల్లనూ తీసుకుపోయారు. ఊరంతా ఆడింది. నేనూ ఆడాను. అది అబద్ధపు సంతోషం కాదు. మా అమ్మ వీపు మీది వాతలు నాకు తెలుసు. ఆ దొర మా ఊళ్ళో ఎన్ని ఇళ్ళు కూల్చాడో తెలుసు. దాని ముందు నేను చేసింది ఎంత? ఈ ప్రశ్న వెనకాల చాలా ఏళ్ళు దాక్కున్నాను. కానీ కూల్చింది దొర. నేను కూల్చింది సుభద్రను. ఒకదానికి ఇంకొకటి చెల్లు ఎట్లా అవుతుంది?

యాదగిరి జైలుకు పోయి వచ్చాడు. పెళ్ళి చేసుకున్నాం. జైల్లో తాను నేర్చిన అక్షరాలు నాకు నేర్పాడు. మంచివాడు. "ఆనాడు దొరసాని లెక్కున్నవ్" అని ముసలితనం దాకా నవ్వించాలని చూసేవాడు. ఆ దుప్పటి ఏం చేసిందో అతనికి తెలియదు. చెప్తే ఆ నవ్వు కూడా పోతుందని చెప్పలేదు. అట్లా అనుకున్నాను. నిజానికి అతని కళ్ళలో నేను చిన్నదాన్ని కావడం నాకు ఇష్టం లేదు.

ఇంకొకటి ఉంది. ఇది చెప్పడం మొదటిదానికన్నా కష్టం. ఆనాడంటే భయం. ఈసారి భయపడటానికి ఏమీ లేదు.

జనగామలో ఒక పెళ్ళికి వెళ్ళాను. అప్పటికి దొరలు లేరు, గడి కప్పు కూలింది, క్యాంపులు మాటల్లోనే మిగిలాయి. నెరిసిన జుట్టుతో ఒకామె నన్ను వెతుక్కుంటూ వచ్చి పక్కన కూర్చుంది. దడదడ నడిచి వచ్చింది. చెప్పకముందే ఎవరో తెలిసింది.

"అవ్వా, నువ్వు గడిల పని జేసినవట గదా. మా అమ్మ మంచిది కాదని మా ఇంట్ల అందరంటరు. నా బిడ్డకు ఆమె పేరు పెట్టుకుంటనంటే పెట్టనియ్యలే. నిజంగనే మా అమ్మ గసుంటిదా?"

నా ఎదురుగా ఉంది. నా వేళ్ళు పట్టుకుని నడక నేర్చిన పిల్ల. ఒక్క మాట. యాదగిరి అప్పటికే పోయాడు. నన్ను కొట్టేవాళ్ళు లేరు, పట్టుకుపోయేవాళ్ళు లేరు.

"నేనప్పుడు చిన్నదాన్ని బిడ్డా. నాకేం ఎర్క లేదు" అన్నాను.

ఆమె కాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. తర్వాత అన్నం తినమని చెప్పి వెళ్ళిపోయింది.

ఎందుకు చెప్పలేదు? ఎన్నోసార్లు అడుక్కున్నాను. పెళ్ళిలో నలుగురూ ఉన్నారనా? ఆమె నా చెయ్యి వదిలేస్తుందనా? తల్లి పేరు మీది మచ్చకన్నా నా ముసలి మొహమే నాకు ఎక్కువైంది. ఇంతకన్నా మంచి జవాబు దొరకలేదు. పోయిన వానాకాలం వసంత కూడా పోయిందని తెలిసింది. తల్లి అట్లాంటిదనుకుంటూనే పోయింది.

ఇప్పుడు నేను చెప్పినా వినాల్సినవాళ్ళు లేరు. క్షమించేవాళ్ళూ లేరు. ఉన్నా అడగను. అడిగే ముఖం జనగామలోనే పోగొట్టుకున్నాను.

దొడ్డిలోకి పోయింది సుభద్ర కాదు. నేను. ఇంత చిన్న మాట. ఇది రాయడానికి పొద్దున కూర్చుంటే మధ్యాహ్నమైంది. కోడలు అన్నానికి రెండుసార్లు పిలిచింది. గుండె మీది రాయి దిగలేదు. కొంచెం పక్కకు జరిగింది. ఊపిరి లోపలిదాకా పోతోంది.